ఆయన పేరు మీద సీటు

"నేను స్థలం గురించి మాట్లాడుతున్నాను బామ్మగారూ, మనిషి గురించి కాదు," అని కోడలు అనడం అది మూడోసారి. భోజనాల బల్ల మీద పళ్లేలు సగం ఖాళీ అయ్యాయి గానీ వాదన మాత్రం మొదలుపెట్టిన చోటే ఉంది.

"స్థలానికేం, బోలెడుంది. ఆ గోడ పక్కన పెట్టుకో నీ జిరాక్సు మిషను," అంది బామ్మ.

"గోడ పక్కన ప్లగ్గు లేదు."

"పెట్టించుకో. ప్లగ్గు లేదని మావాణ్ణి కుర్చీలోంచి లేపేస్తావా?"

"కుర్చీ జోలికి ఎవరొచ్చారండీ? పక్కనున్న కంప్యూటరు తీసేద్దామంటున్నాను. పదకొండు నెలలుగా గుడ్డ కప్పి ఉంది. దానికి నెలనెలా బుకింగ్ కంపెనీకి అద్దె కడుతున్నాం, గుడ్డ కప్పుకుని కూర్చున్నందుకు."

"గుడ్డ కప్పింది దుమ్ము పడకుండా. తీసెయ్యడానికి కాదు."

కోడలి మొగుడు, బామ్మకి మనవడు, తలెత్తకుండా తింటున్నాడు. కళ్లజోళ్ల షాపులో పొద్దస్తమానం "ఇది బాగుందా, అది బాగుందా" అని జనాన్ని అడిగే మనిషి, ఇంట్లో ఏది బాగుందో చెప్పమంటే మాత్రం గబుక్కున నోట్లో ముద్ద పెట్టుకుంటాడు.

"నువ్వేమంటావురా?" అని బామ్మ అతన్నే పట్టుకుంది.

"అమ్మ షాపు. అమ్మ ఇష్టం."

ముగ్గురూ ఆవిడ వైపు చూశారు. వీధి వీధంతా టికెట్టమ్మ అని పిలిచే ఆవిడ అప్పుడు గిన్నె మీద మూత సరిగ్గా కూర్చుందో లేదో చూసుకుంటోంది. "రేపు చూద్దాం," అంది. భర్త పోయినప్పటి నుంచీ ఏ విషయం ఎత్తినా ఆవిడ చెప్పేది ఆ ఒక్క మాటే.

మర్నాడు పొద్దున్నే ఉత్తరం వచ్చింది.

ఇంటి కింద ముందుగదే షాపు. రెండు బల్లలు, రెండు కంప్యూటర్లు, వచ్చినవాళ్లకి నాలుగు కుర్చీలు, గోడకి రంగు వెలిసిన ప్రపంచపటం. ఉత్తరం విమాన కంపెనీలో ఏజెంట్ల వ్యవహారాలు చూసే విభాగం నుంచి. టికెట్టమ్మ కళ్లజోడు సవరించుకుని నిలబడే చదివింది. మీ ఏజెన్సీ నుంచి గత పదకొండు నెలల్లో ఒకే ప్రయాణికుడి పేరు మీద, ఒకే సాయంత్రం విమానంలో, అన్నిటికంటే చౌక తరగతిలో రెండు వందల డెబ్భై ఒక్కసారి సీటు బ్లాక్ చేశారు. ఒక్కసారి కూడా టికెట్టు కొనలేదు. ప్రయాణం చేసే ఉద్దేశం లేకుండా ఇలా సీట్లు పట్టి వదలడం నిబంధనలకి విరుద్ధం. ఇది ఎవరు చేస్తున్నారో, ఎందుకు చేస్తున్నారో పదిహేను రోజుల్లో రాసి పంపి, వెంటనే ఆపకపోతే మీకు టికెట్లు జారీ చేసే హక్కు రద్దవుతుంది.

కింద ప్రయాణికుడి పేరు ఉంది. ముందు ఇంటిపేరు, తర్వాత పేరు, చివర మిస్టర్.

ఆవిడ కుర్చీ వెతుక్కుని కూర్చుంది. అది ఆవిడ భర్త పేరు.

వీధి ఆయన్ని కెప్టెన్ అనేది. ఆయన విమానం నడిపిన పాపాన పోలేదు. తెల్లచొక్కా టక్ చేసుకుని టికెట్లు రాసేవాడని ఎవరో వేళాకోళానికి పెట్టిన పేరు అలాగే అతుక్కుపోయింది. ముప్పై ఏళ్ల కిందట ఇద్దరూ కలిసి షాపు తెరిచినప్పుడు టికెట్టంటే కార్బను కాగితాల పుస్తకం. ధరలో వందకి తొమ్మిది ఏజెంటువి. అది ఏడయింది, అయిదయింది, ఒకటయింది. ఒక సోమవారం పొద్దున్నే ఫ్యాక్సులో సున్నా వచ్చింది. కెప్టెన్ ఆ కాగితాన్ని కిటికీ వెలుగుకేసి పట్టి, "వెనకాల ఏమైనా రాశారేమో చూస్తున్నా," అన్నాడు. ఇద్దరూ కడుపుబ్బా నవ్వారు. తర్వాత ఆయన దాన్ని మడిచి డ్రాయరులో పెట్టేశాడు.

సున్నా మీద కూడా బతకొచ్చని నిదానంగా నేర్చుకున్నారు. విమాన కంపెనీల దగ్గర సీట్లు గంపగుత్తగా తీసుకునే హోల్‌సేల్ ఏజెంటు ఒకాయన ఉండేవాడు. బయట ఎక్కడా కనపడని ధర ఆయన వీళ్లకిస్తే, దాని మీద కొంత వేసుకుని అమ్మేవాళ్లు. తమ కూలి విడిగా అడగడం కెప్టెన్‌కి చచ్చేంత నామోషీ. అందుకే ఎప్పుడూ దాన్ని ధరలోనే కలిపేసి ఒకే అంకె చెప్పేవాడు.

జనం చేతుల్లోకి ఇంటర్నెట్టు వచ్చాక ఆ ఒకే అంకే ఆయన ప్రాణం మీదికి తెచ్చింది. వచ్చినవాడు కుర్చీలో కూర్చోకముందే సెల్లు ముందుకి తోసేవాడు. "ఇందులో ఇంతే చూపిస్తోంది, మీరేంటి ఇంత చెబుతున్నారు?" మొదటి పేజీలో చూపించేది అంతేనని, చివరి పేజీకి వెళ్లేసరికి పెట్టెకింత, కిటికీ సీటుకింత, బీమాకింత అని కలుపుతారని, లక్షల టికెట్లు అమ్మే ఆ వెబ్‌సైట్ల వాళ్లకి కంపెనీలు ఏడాది చివర బహుమానాలు ముట్టజెపుతాయని, అవి ఈ రెండు బల్లల షాపుకి రావని ఓపిగ్గా చెప్పేవాడు. విన్నవాళ్లు తలూపి, ఇంటికెళ్లి సెల్లులోనే కొనుక్కునేవాళ్లు. పేరులో అక్షరం తప్పు పడ్డప్పుడు మాత్రం పరిగెత్తుకుంటూ వచ్చేవాళ్లు. "ఆ సెల్లునే అడగండి, అదే దిద్దిపెడుతుంది," అని టికెట్టమ్మ మూతి తిప్పేది. కెప్టెన్ మాత్రం దిద్దిపెట్టేవాడు.

సీట్ల గుట్టు అడిగితే ఆయనకి హుషారొచ్చేది. "ఒకే విమానం, ఒకే వరస, పక్కపక్క కుర్చీలు. ఈయన కట్టింది ఆయన కట్టినదానికి మూడింతలు. ఇద్దరికీ పెట్టేది అదే బిస్కెట్టు!" సీట్లన్నిటికీ అక్షరాలుంటాయి, ఒక్కో అక్షరానికి ఒక్కో ధర. అట్టడుగు అక్షరంలో నాలుగో అయిదో సీట్లు. అవి అయిపోతే పై అక్షరం, అదీ అయిపోతే ఆ పైది. ప్రయాణం దగ్గరపడే కొద్దీ కింది అక్షరాలు మూసుకుపోతాయి. "అంటే ఏమిటన్నమాట? చావు కబురు అందుకున్నవాడి దగ్గరే అందరికంటే ఎక్కువ లాగుతారు. వాడు బేరమాడడు కదా."

అందుకే ఆయన ఒక అలవాటు పెట్టుకున్నాడు. ప్రతి సాయంత్రం షాపు మూసేముందు, పెద్ద ఊరికి వెళ్లే మర్నాటి సాయంత్రం విమానంలో అట్టడుగు అక్షరం సీటు ఒకటి తన పేరు మీద బ్లాక్ చేసి ఉంచేవాడు. డబ్బు కట్టకపోతే మర్నాడు పన్నెండింటికి అదే పడిపోతుంది. ఈలోగా పొద్దున్నే ఎవరైనా ఏడుస్తూ షాపు మెట్లెక్కితే, వాళ్లకి ఆ సీటు. నియమాలకి అది తప్పే. ప్రతిసారీ ఈ కంప్యూటర్లు నడిపే బుకింగ్ కంపెనీకి విమానం వాళ్లు ఏదో చిల్లర కట్టుకోవాలి. ఒకటి రెండుసార్లు మందలించారు కూడా. ఆయన "అలాగేనండి" అని, సాయంత్రం కాగానే మళ్లీ పెట్టేవాడు.

ఆ సీటు ఎంతమందిని ఎక్కించిందో టికెట్టమ్మకి తెలుసు. కానీ ఆయన పోయిన తర్వాత రెండు వందల డెబ్భై ఒక్కసార్లు ఎవరు పెట్టారు?

బ్లాక్ చేసిన సీట్ల జాబితా రోజూ పొద్దున్నే చూడటం కెప్టెన్ పని. ఆయన పోయాక ఆవిడ అది తెరిచిందే లేదు. ఇప్పుడు తెరిచింది. ఆకుపచ్చ అక్షరాల్లో ఒకే ఒక్క వరస. ఆయన పేరు. సాయంత్రం విమానం. పెట్టినది నిన్న, ఆరూ ఇరవై ఎనిమిదికి. లాగిన్ ఆయనదే.

ఆవిడ లేచి వెళ్లి వీధి తలుపు దగ్గర, ఎండలో కాసేపు నిలబడింది.

మొదట కొడుకుని అడిగింది. "నాన్న లాగిన్ నీకు తెలుసు కదా?"

"తెలుసు. అయితే?" అతను ఉత్తరం చదివి నివ్వెరపోయాడు. "నేను పెడతానా అమ్మా? నాకా పచ్చక్షరాలు చూస్తేనే తలనొప్పి. అయినా ఆరున్నరకి నేను దారిలో ఉంటాను." అని, ఉత్తరం మడిచి ఇచ్చేస్తూ, "నన్నే అనుమానించావా?" అన్నాడు. ఆ గొంతు విన్నాక ఎందుకడిగానా అనిపించిందావిడకి.

"ఎవడో దొంగవెధవ లోపల దూరుంటాడు, పాస్‌వర్డు మార్చేద్దాం," అన్నాడు తర్వాత. మార్చారు. కొత్తది ఒక కాగితం మీద రాసి ఆవిడ డ్రాయరులో పెట్టుకుంది. మర్నాడు పొద్దున్న జాబితాలో మళ్లీ ఆయన పేరు ఉంది.

విషయం బామ్మ చెవిన పడకుండా దాచాలని చూశారు గానీ ఆ ఇంట్లో బామ్మ చెవికి అందనిది లేదు. ఆవిడ ఏడవలేదు, గుండెలు బాదుకోలేదు. చాలా మామూలుగా, పాలబ్బాయి రాలేదని చెప్పినట్టు చెప్పింది. "వాడే పెట్టుకుంటున్నాడు. ఎక్కడికెళ్లాలో తెలీక రోజూ టికెట్టు పెట్టుకోవడం, పన్నెండయ్యేసరికి మనసు మారి మానుకోవడం. చిన్నప్పుడూ అంతే, బళ్లోకి బయల్దేరి వీధి చివరి నుంచి వెనక్కొచ్చేవాడు."

"బామ్మా, ఊరుకో," అన్నాడు మనవడు.

"నేనెందుకు ఊరుకోవాలి? నా కొడుకు."

ఆ రోజు టికెట్టమ్మ ఒక నిశ్చయానికొచ్చింది. సాయంత్రం నాలుగు నుంచీ బల్ల దగ్గర్నుంచి కదలలేదు. ఇద్దరొచ్చారు. ఒకతను పాస్‌పోర్టు గడువు గురించి అడిగాడు, ఒకామె ఎండకి ఆగి మంచినీళ్లు అడిగింది. ఆరుంబావుకి జాబితా తెరిచి చూసింది. ఖాళీ. ఎదురుగా గుడ్డ కప్పిన కంప్యూటరు కదలకుండా కూర్చుని ఉంది. ఖాళీ కుర్చీ వైపు చూడకుండా ఉండటానికి ప్రపంచపటం వైపు చూసింది. ఆరున్నరకి షాపు మూసి పైకొచ్చింది.

పొద్దున్నే వచ్చి తెరిచింది. ఆయన పేరు. ఆరూ ఇరవై ఏడు.

ఆరూ ఇరవై ఏడుకి ఆ గదిలో తను తప్ప ఎవరూ లేరు. తలుపులోంచి పిల్లి కూడా రాలేదు. "ఏమండీ," అంది, గుడ్డ కప్పిన కంప్యూటరు వైపు తిరిగి. మొగుణ్ణి ఆవిడ ముప్పై ఏళ్లూ అలాగే పిలిచింది. గదిలో ఉలుకూ పలుకూ లేదు. పైనెక్కడో కోడలు గిన్నెలు సర్దుతున్న చప్పుడు.

ఆ చప్పుడు ఆగింది. కోడలు టీ గ్లాసుతో దిగి వచ్చి, అత్తగారి ముఖం చూసి గ్లాసు బల్ల మీద పెట్టేసింది.

"మళ్లీ ఉందా అత్తయ్యా?"

ఆవిడ తలూపింది.

కోడలు పక్కన కూర్చుంది. జిరాక్సు మిషను కోసం అంత గట్టిగా వాదించిన పిల్ల ఇప్పుడు మాట కూడదీసుకోవడానికి అవస్థ పడుతోంది. "ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. రోజూ షట్టరు దించేముందు మీరు 'పెట్టాను' అంటారు. ఎవరితో?"

"నేనా?"

"మన వంటింటి కిటికీ సరిగ్గా షట్టరు మీదే కదా, నాకు వినిపిస్తుంది. 'పెట్టాను, పెట్టాను' అని కొంచెం విసుగ్గా అంటారు. ఫోనులో అనుకునేదాన్ని. కానీ అప్పుడు మీ ఫోను పైన ఛార్జింగులో ఉంటుంది."

టికెట్టమ్మ తన రెండు చేతుల వైపు చూసుకుంది.

పొయ్యి కట్టేశానా అని సగం మెట్లు దిగాక అనుమానం వచ్చి, వెనక్కెళ్లి చూస్తే కట్టేసే ఉంటుంది. కట్టేసిన క్షణం మాత్రం ఎంత తలుచుకున్నా గుర్తుకు రాదు. చెయ్యి తన పని తాను చేసుకుపోయి ఉంటుంది. ఇదీ అలాంటిదే. సీటు పెట్టాలన్న ఆలోచన కెప్టెన్‌ది గానీ, పెట్టేది ఎప్పుడూ ఆవిడే. ఆయన ఇనప కొక్కెం కర్ర పట్టుకుని షట్టరు దగ్గర నిలబడి "పెట్టావా?" అనేవాడు. ఆవిడ ఫ్యాను కట్టి, డ్రాయరు తాళం వేసి, ఆయన లాగిన్‌తో రెండు వరసలు కొట్టి, "పెట్టాను" అనేది. అప్పుడు గానీ షట్టరు దిగేది కాదు. ఎన్ని వేల సాయంత్రాలు! ఆయన పోయిన పదమూడో రోజున ఆవిడ షాపు తెరిచింది. ఆ సాయంత్రమే చెయ్యి ఎక్కడ ఆపిందో అక్కడి నుంచి అందుకుంది. పాస్‌వర్డు మారిస్తే కొత్తదీ నేర్చుకుంది.

"నేనే," అంది కోడలితో. ఆ మాటకి తనకే నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది.

"పోనీలెండి, దొంగ దొరికాడు," అంది కోడలు, ఆవిడ భుజం మీద చెయ్యి వేసి. "ఈ సాయంత్రం నుంచి మానెయ్యండి. విమానం వాళ్లకి రాసేద్దాం. సరేనా?"

"సరే," అంది.

కానీ ఆ సాయంత్రం ఫ్యాను కట్టేసి, డ్రాయరు తాళం వేశాక, ఆవిడ చెవి రిక్కించింది. ఇన్నాళ్లూ తెలియకుండా విన్నదాన్ని ఇప్పుడు తెలిసి వింది. ఫ్యాను రెక్కలు ఆగీ ఆగకముందు, వీధిలో దీపాలు ఒక్కటొక్కటిగా వెలుగుతుండగా, షట్టరు పక్కన, కొక్కెం కర్ర ఆనించి ఉన్న చోటు నుంచి, "పెట్టావా?" అని. గొంతు అని చెప్పడానికి లేదు. ఆ ప్రశ్న నిలబడే చోటు ఒకటి ఉంది, అది ఖాళీ కాలేదు. అంతే.

ఆవిడ తిరిగి కూర్చుని, ఆయన పేరు కొట్టింది. ఒక్కో అక్షరం చూసుకుంటూ కొట్టింది. "పెట్టాను," అంది.

పైన వంటింటి కిటికీ మూసుకున్న చప్పుడైంది.

అలా అయిదు సాయంత్రాలు. తప్పని తెలుసు. గడువు రోజులు వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూనే ఉంది. హక్కు పోతే షాపు పోతుంది. షాపు పోతే తనకి పొద్దున్నే మెట్లు దిగే పనే ఉండదు. యాభై ఆరేళ్ల వయసులో, తనకి వచ్చిన ఒకే ఒక్క విద్యకి కాళ్లూ చేతులూ ఉండవు. అది ఒక పక్క. ఇంకో పక్క సాయంత్రం ఆరూ ఇరవై ఏడు. పెట్టడం మానేస్తే అడిగేవాళ్లుండరు. ఎవరికి చెప్పుకోవాలి ఈ మాట? కోడలు ఏమీ అడగడం లేదు, అన్నం వడ్డించేటప్పుడు కళ్లలోకి చూడటం లేదు, అంతే. కొడుకు రోజూ "రాశావా అమ్మా జవాబు?" అంటాడు. "రేపు," అంటుంది.

ఉత్తరం వచ్చిన పదకొండో రోజు పొద్దున్న పదిన్నరకి దర్జీ వచ్చాడు. వీధి చివర షాపు అతనిది. కొలతల టేపు మెడలోనే ఉంది, తీసెయ్యాలని తోచలేదు కాబోలు.

"పెద్ద ఊళ్లో మా అక్క పోయిందమ్మా," అన్నాడు, నిలబడే. "పొద్దున్న ఆరింటికి. రేపు పొద్దున్న ఎనిమిది వరకే ఉంచుతారట. బస్సెక్కితే రేపు మధ్యాహ్నానికి గానీ చేరను." సెల్లు చూపించాడు. "ఇందులో చూస్తే సాయంత్రం విమానానికి నా కుట్టుమిషను ఖరీదు చెబుతోంది."

"కూర్చో," అంది టికెట్టమ్మ. "సీటుంది."

ఆ రెండు మాటలూ ఎంత హాయిగా వచ్చాయో ఆవిడ నోట్లోంచి! ముప్పై ఏళ్ల పాటు కెప్టెన్ అన్న మాటలవి. అయిదు రోజులుగా దొంగతనంలా చేసిన పని ఉన్నట్టుండి తలెత్తుకుని నిలబడింది. చూశారా, అని అందరితో అనాలనిపించింది. చూశారా, ఎందుకు పెట్టానో!

కోడల్ని కేకేసింది. కంప్యూటరు మీద గుడ్డ తనే లాగేసి, కోడల్ని కెప్టెన్ కుర్చీలో కూర్చోబెట్టింది.

బ్లాక్ చేసిన సీటులో పేరు మార్చడం కుదరదు. దానికి దంపతులిద్దరికీ ఒక పద్ధతి ఉండేది. ఒక కంప్యూటరులో ఆ సీటు రద్దు చేస్తే అది అట్టడుగు అక్షరంలోకే తిరిగొస్తుంది. రెప్పపాటులో రెండో కంప్యూటరు నుంచి అసలు మనిషి పేరు మీద పట్టేసుకోవాలి. ఆయన "వదులు!" అనేవాడు, ఆవిడ వదిలేది, ఆయన పట్టేవాడు. ఆవిడకి తెలిసి ఒక్కసారీ జారిపోలేదు.

"ఇతని పేరు, పుట్టిన తేదీ కొట్టి సిద్ధంగా ఉంచు. నేను వదిలాననగానే ఎంటరు నొక్కు. ఆలోచించకు."

కోడలు వేలు మీట మీద పెట్టి ఊపిరి బిగబట్టింది. దర్జీ లేచి వచ్చి బల్ల అంచు పట్టుకుని చూస్తున్నాడు.

టికెట్టమ్మ రద్దు మీట మీద వేలు ఉంచింది. భర్త పేరు తెర మీద వెలుగుతోంది.

"వదిలాను."

పేరు మాయమైంది. కోడలు నొక్కింది. నొక్కి, ముందుకి వంగింది. "అత్తయ్యా, లేదంటోంది."

"మళ్లీ నొక్కు."

"నొక్కాను. ఆ అక్షరమే లేదు. మూసేశారు."

ఆవిడ కుర్చీ జరుపుకుని వచ్చి తనే కొట్టింది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. అట్టడుగు అక్షరం సున్నా. దాని మీది మూడు అక్షరాలూ సున్నా. ఆ పైన మిగిలినది దర్జీ సెల్లు చెప్పిన ధరే. ఒకప్పుడు వదిలిన సీటు వదిలిన చోటే పడేది, దాని కోసం చెయ్యి చాచేవాళ్లు ఇద్దరో ముగ్గురో. ఇప్పుడు ఎన్ని లక్షల సెల్లులు, ఎన్ని వెబ్‌సైట్లు దాని మీద కళ్లు పెట్టుకుని ఉన్నాయో. లేదా ఎవరూ పట్టుకోలేదేమో, ఖాళీ అయిన సీటుకి కంపెనీ మిషనే ఆ క్షణంలో కొత్త ధర కట్టేసిందేమో. ఎవరు తీసుకున్నారో తెలియదు. ఎప్పటికీ తెలియదు.

"సీటుందన్నారు కదమ్మా," అన్నాడు దర్జీ. కోపంగా కాదు. అర్థం కాక. "ఇందాక ఒక పేరు కనపడింది. నేను చదివాను, కెప్టెన్ గారి పేరే కదా అది?" అని, బల్ల మీంచి చేతులు తీసేసుకున్నాడు.

టికెట్టమ్మకి నేలలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. పదకొండు నెలలు. రెండు వందల డెబ్భై ఒక్కటి, ఆ మీద మళ్లీ ఇన్ని. అందులో ఏ ఒక్క సీటూ ఎవరికీ అందేది కాదు. ఆయన ఉన్నా అందేది కాదు. ఆయన చివరి రోజుల్లో "ఈమధ్య ఎవరికీ మన సీటు పనికి రావట్లేదోయ్, పోనీలే, పెట్టు" అన్నది గుర్తొచ్చింది. ఎవరూ రావడం లేదనుకుంది అప్పుడు. తను పైన ఉన్న వేళల్లో ఒక్కడే వదిలి పట్టబోతే ఆయనకి జారిపోవడం మొదలైందని ఇప్పుడు తెలిసింది. తనకి చెప్పలేదు.

దర్జీ తలుపు వైపు తిరిగాడు.

"ఆగు," అంది. "కూర్చో. నలభై నిమిషాలియ్యి నాకు."

తన కంప్యూటరు ముందు కూర్చుంది. దర్జీ సెల్లు ఈ ఊరి విమానాలే వెతుకుతుంది, ఎందుకంటే అతను ఈ ఊరి పేరే కొట్టాడు. బస్సులో మూడు గంటల దూరంలో ఇంకో చిన్న విమానాశ్రయం ఉంది. అక్కడి నుంచి పెద్ద ఊరికి తిన్నగా విమానం లేదు. కానీ మధ్యలో ఒక చోట దిగి, గంటా పది నిమిషాలాగి ఇంకోటి ఎక్కితే రాత్రి తొమ్మిదికి చేరొచ్చు. రెండూ వేర్వేరు కంపెనీలు, అందుకే ఏ వెబ్‌సైటూ రెంటినీ కలిపి చూపించదు. ఒకదానిలో మధ్య అక్షరం దొరికింది. రెండోదానికి హోల్‌సేల్ ఏజెంటుకి ఫోను చేసి, బతిమాలి, ఒకటి తీయించింది. పన్నెండింటి బస్సు ఎక్కడ ఆగుతుందో కాగితం మీద రాసింది. మొదటి విమానం నలభై నిమిషాలకి మించి ఆలస్యమైతే రెండోది తప్పుతుందని, తప్పితే ఎవరూ డబ్బు వెనక్కివ్వరని మొహం మీదే చెప్పింది. చేతిసంచీ ఒకటే తీసుకెళ్లమంది, పెద్ద పెట్టె తీసుకునేదాకా నిలబడితే అయిపోయినట్టేనంది.

మొత్తం కుట్టుమిషను ఖరీదులో సగం లోపే అయింది.

"మీకెంతమ్మా ఇవ్వాలి ఇందులో?" అని అడిగాడు దర్జీ, కళ్లు తుడుచుకుంటూ.

కెప్టెన్ అయితే "ఏముందిలే" అని ధరలో కలిపేసేవాడు. ఆవిడ ఆగింది. "టికెట్లు ఇంత. వెతికిపెట్టినందుకు నాకు ఇంత," అని రెండు అంకెలు విడివిడిగా రాసి చూపించింది. చెవులు వేడెక్కాయి. దర్జీ మారు మాట్లాడకుండా రెండూ కట్టి, కాగితం జేబులో భద్రంగా పెట్టుకుని బస్సుకి వెళ్లాడు.

కోడలు గుడ్డ చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. కప్పాలో వద్దో తెలియక. టికెట్టమ్మ అప్పటికే ఉత్తరం ముందు పెట్టుకుని జవాబు కొట్టడం మొదలుపెట్టింది.

కబురందుకుని ఆ రోజు అయిదింటికే కొడుకు ఇంటికొచ్చేసరికి అమ్మ పైన ఉంది. ఆ వేళప్పుడు ఆవిణ్ణి పైన చూసి ఎన్నేళ్లయిందో! "ఒంట్లో బాగులేదా?" అన్నాడు చెప్పులు విప్పకుండానే.

"బాగానే ఉన్నాను. కూర్చో, టీ తాగు. అందరూ ఉన్నారు కదా, ఒక మాట చెప్పాలి."

బామ్మ గ్లాసు కింద పెట్టింది.

"విమానం వాళ్లకి జవాబు రాశాను. ఆ సీట్లన్నీ పెట్టింది నేనేనని రాశాను. ఆయన లాగిన్ శాశ్వతంగా మూసెయ్యమన్నాను. ఇంక ఎవరికీ తెరుచుకోదది, నాకైనా."

"మూసేస్తే వాడు..." అని బామ్మ ఆగిపోయింది. "వాడి పేరు ఎక్కడుంటుందే మరి?"

"పెట్టింది ఆయన కాదు అత్తయ్యా, నేను. ఆ పేరుతో ఒక్కరికి కూడా మేలు జరగలేదు ఇన్నాళ్లూ. ఈరోజు కళ్లారా చూశాను." ఆవిడ బామ్మ చెయ్యి పట్టుకుని, వదలకుండానే మిగతాది చెప్పింది. "షాపు ఉంటుంది. సెల్లులో తక్కువ దొరికితే అందులోనే కొనుక్కోమంటాను. దొరకనివి వెతికిపెడతాను, వెతికినందుకు ఇంత అని పైకే చెప్పి తీసుకుంటాను. మీ నాన్నకి అది నామోషీ. నాకు కాదు."

కిటికీలోంచి వీధి ఇంకా వెలుగ్గానే ఉంది.

"సాయంత్రం మాత్రం నేను మూయను," అంది ఆవిడ, గొంతు పెంచకుండా, కోడలి వైపు తిరిగి. "ఆ వేళకి అక్కడుంటే నా చెయ్యి ఊరుకోదు. అయిదింటికల్లా పైకొచ్చేస్తాను. షట్టరు నువ్వే దించు."

"ఎప్పటి నుంచి అత్తయ్యా?"

"ఈరోజు నుంచే," అని టికెట్టమ్మ తాళాల గుత్తి ఆమె ముందు పెట్టింది.